పడవ పక్క మారింది

బెళ్ళందూరు, బెంగళూరు
23 జూన్ 2024

మునివెంకటమ్మ అత్తకి,

నీ మేనకోడలు అర్పిత రాస్తోంది. కవరు మీద నా పేరు చూసి ఇంట్లో ఎవరికేమైందోనని కంగారు పడి ఉంటావు. ఎవరికీ ఏమీ కాలేదు. ఫోను చేయకుండా ఉత్తరం రాయడానికి కారణం, ఇది నా హోంవర్కు.

ఈ నెల నుంచి ఆన్‌లైన్‌లో ఒక కోర్సు చదువుతున్నాను. యూరప్ వాళ్ళ చిత్రకళ చరిత్ర. హైస్కూలు పిల్లల కోసమే పెట్టారు. ప్రతి శనివారం నాలుగింటికి లాప్‌టాప్‌లో క్లాసు. పన్నెండు మందిమి ఉన్నాం. స్టాన్లీ సార్ చెబుతారు. ఒక్కో బొమ్మని గంటసేపు చూపిస్తారు. మొదటి పది నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు, ఊరికే చూడాలి. ఆయన పెట్టిన నియమం ఇంకొకటి ఉంది. చిత్రకళ గురించి ఏమీ తెలియని ఒక మనిషికి కోర్సు అయ్యేదాకా చేత్తో ఉత్తరాలు రాయాలి. వాళ్ళు ఏం అడిగితే దాని గురించి ఆలోచించాలి. తెలుగు చదవడం వచ్చి, జవాబు రాసే ఓపిక ఉన్న మనిషి మన చుట్టాల్లో నువ్వొక్కదానివే. అమ్మ నాకు అక్షరాలు దిద్దిస్తుంటే నేను ఏడ్చి ఇల్లు పీకి పందిరేసేదాన్ని కదా, ఆ అక్షరాలే ఇప్పుడు పనికొచ్చాయి. తప్పులుంటే సర్దుకుని చదువుకో.

నాన్నకి ఈ కోర్సు ఇష్టం లేదు. టెన్త్‌లో ఉండి బొమ్మలు చూస్తూ కూర్చుంటావా అన్నాడు. వారం రోజులు వెంటపడితే ఒప్పుకుని ఒక షరతు పెట్టాడు. కోర్సు చివర్లో ఇద్దరిని ఎంచి, వచ్చే ఏడు పెద్ద కోర్సులో ఉచితంగా సీటు ఇస్తారు. అది నాకొస్తే టెన్త్ అయ్యాక పీయూసీలో హిస్టరీ తీసుకోనిస్తాడు. రాకపోతే సైన్సులో చేరి నోరు మూసుకోవాలి. నాకా సీటు కావాలత్తా. ఇప్పటిదాకా నాకు ఏదీ ఇంతగా కావాలనిపించలేదు.

సరే, మొదటి బొమ్మ. రంగుల్లో ప్రింటు తీసి కవర్లో పెట్టాను. దాదాపు ఆరు వందల ఏళ్ళ నాటిది. ఒక వ్యాపారి, పక్కన భార్య, గదిలో నిలబడ్డారు. కాళ్ళ దగ్గర కుక్కపిల్ల. కిటికీ దగ్గర నారింజ పళ్ళు. ఆమె ఆకుపచ్చ గౌను చూడు. మా క్లాసులో సగం మంది ఆమె కడుపుతో ఉందంటున్నారు, సగం మంది కాదంటున్నారు. నీకేమనిపిస్తోంది?

మామని అడిగానని చెప్పు.

అర్పిత


ఆనేకల్
9 జూలై 2024

పాపా అర్పితా,

నీ కవరు వచ్చిన రోజు మగ్గం దిగి, చేతులు కడుక్కుని మరీ చదివాను. హిందూపురంలో ఏడో క్లాసు వదిలేశాక ఇంత పొడుగు తెలుగు నేను చదవలేదు, రాయనూ లేదు. ఇక్కడంతా కన్నడమే కదా. నా రాత కోడి కెలికినట్టు ఉంటే నవ్వుకో, మీ స్టాన్లీ సార్‌కి మాత్రం చూపించకు.

ఏమీ తెలియని మనిషి కావాలంటే నేను గుర్తొచ్చానన్నమాట. సంతోషం. బొమ్మని మగ్గం ఎదురుగా గోడకి అంటించాను. మీ మామ ఓబులేషు కాఫీ గ్లాసుతో వచ్చి దాన్ని చాలాసేపు చూసి, "ఎవురప్పా వీళ్ళు, సాహుకారు కడవాళ్ళా?" అని అడిగాడు. మనకి పట్టు ఇచ్చే సాహుకారుకి ఇలాంటి టోపీ ఎక్కడుంది. అర్పిత క్లాసులో ఉండారు అని చెప్పాను. సరేనని వెళ్ళిపోయాడు.

ఆమె కడుపుతో లేదు. మీ క్లాసులో ఒక్కరైనా పట్టుచీర కట్టుకుని మెట్లెక్కలేదా? గౌను కింద ఎంత బట్ట నేల మీద పడి ఉందో చూడు. అంత బట్టతో అడుగు ముందుకి వేయాలంటే ముందుభాగం గుప్పిట నిండా ఎత్తి పొట్ట దగ్గర పట్టుకోవాలి. ఆ చేయి చూడు. కడుపు తడుముకునే చేయి అలా ఉండదు, బరువు మోసే చేయి అది. బట్ట ఉన్నిది అనుకుంటాను. పట్టు అయితే మడతలు ఇంత మొద్దుగా పడవు. లోపల ఏదో బొచ్చు కూడా వేసి కుట్టారు. నాకు తగినంత ఉంది అని పదిమందికీ చెప్పడానికి ఆ పెద్దమనిషి అంత బట్టా ఆమెకి చుట్టి నిలబెట్టాడు. పాపం ఆమెకి ఎంత ఉక్కగా ఉందో ఏమో.

నాకు కుక్క నచ్చింది. దాని బొచ్చు వెంట్రుక వెంట్రుకకీ గీశాడు. గీసినవాడు ఓపిక గలవాడు.

సీటు సంగతి చదివాను. నీకు రావాలనే నాకూ ఉంది. కానీ మీ నాయన దగ్గర నేను సిఫార్సు చేయను. షరతు మీ ఇద్దరి మధ్యది. బొమ్మల గురించి అయితే ఎన్నయినా అడుగు.

అత్త


బెళ్ళందూరు
18 ఆగస్టు 2024

అత్తా,

నువ్వు రాసింది రాసినట్టు క్లాసులో చెప్పేశాను. ఉన్ని సంగతి, బొచ్చు సంగతి, చేతి సంగతి, అన్నీ. స్టాన్లీ సార్ కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఈ బొమ్మ మీద ఏళ్ళ తరబడి పని చేసినవాళ్ళు కూడా అదే అంటారు, నీకెలా తెలిసింది అని అడిగారు. చూస్తుంటే తెలిసింది సార్ అన్నాను. ఆ రోజు నుంచి ఆయన నన్ను పేరు పెట్టి పిలుస్తున్నారు. అంతకుముందు నేను తెర మీద ఒక చిన్న గడిని, అంతే.

నీకు మా క్లాసు సంగతి చెప్పాలి. సమీనా అని ఒకమ్మాయి ఉంది. వాళ్ళమ్మ బొమ్మలు అమ్మే గ్యాలరీ నడుపుతుంది. ఇంకో అబ్బాయి పారిస్ వెళ్ళి, మేము ప్రింటులో చూసే బొమ్మల్ని ఎదురుగా నిలబడి చూసొచ్చాడు. అతను మాట్లాడుతుంటే నా చెవులు వేడెక్కుతాయి. నేను చూసిన మ్యూజియం కబ్బన్ పార్కు పక్కది ఒక్కటే, అదీ స్కూలు టూరులో, వరసలో నిలబడి. మొదటి రోజు అందరూ తమ ఇంటి గురించి చెప్పుకున్నారు. నేనూ చెప్పాను.

ఈసారి బొమ్మలో మనుషులే లేరు. ఒక బల్ల, వెండి గిన్నె, రొట్టె, సగం ఒలిచిన నిమ్మకాయ. తొక్క బల్ల అంచు నుంచి కిందకి వేలాడుతోంది. ఇలాంటివి వందల కొద్దీ గీశారట. చూడగానే నోట్లో పులుపు తగులుతుంది. సగంలో ఎందుకు వదిలేశారంటావు?

అర్పిత


ఆనేకల్
15 సెప్టెంబరు 2024

పాపా,

శ్రావణం చీరలు ఇచ్చేశాం, ఊపిరి పీల్చుకునేలోపే దసరా పని నెత్తి మీదికి వచ్చింది. అందుకే ఆలస్యం.

నిమ్మకాయ సగంలో వదిలింది మగవాడై ఉంటాడు. తొక్క ముక్కలు కాకుండా ఒకే చుట్టగా తీశాననిపించుకోవడానికి మొదలుపెట్టి, నలుగురూ చూశాక మిగతాది వదిలేశాడు. మీ మామ పనసకాయ కోయడం కూడా అంతే. ఇది మీ సార్‌కి చెబుతావో లేదో నీ ఇష్టం.

ఇంటి గురించి ఏం చెప్పావు? మగ్గం సంగతి చెప్పావా? పారిస్ చూసినవాడు కూడా మగ్గం ఆడుతుంటే చూసి ఉండడు. మీ క్లాసు వాళ్ళని ఎప్పుడైనా తీసుకురా. బెంగళూరులోనే ఉన్నవాళ్ళకి ఆనేకల్ ఎంత దూరం. అందరికీ కూర్చోవడానికి చాప ఉంది, కాఫీ నేను పెడతాను.

అత్త


బెళ్ళందూరు
20 అక్టోబరు 2024

అత్తా,

దసరా సెలవుల్లో రాలేకపోయాను, ఏమీ అనుకోకు. టెన్త్ పరీక్షలకి చదవాలని నాన్న కదలనివ్వలేదు.

ఈసారి రెండు కాగితాలు పంపుతున్నాను. రెండింట్లోనూ బొమ్మ ఒకటే. పడవల్లో జాలర్లు వలలు లాగుతున్నారు, ఒడ్డున కొంగల్లాంటి పెద్ద పక్షులున్నాయి. మొదటిది ఇటలీలో ఒక పెద్ద చిత్రకారుడు ఐదు వందల ఏళ్ళ కింద కాగితం మీద రంగులతో గీసిన నమూనా. రెండోది దాన్ని చూసి బ్రసెల్స్ అనే ఊళ్ళో నేసిన గోడ తెర. గోడంత పెద్ద బట్ట అత్తా, అంతా దారంతోనే.

ఇప్పుడు పక్కపక్కన పెట్టి చూడు. నమూనాలో ఒక వైపున్న పడవ, బట్టలో రెండో వైపుకి పోయింది. పక్షులూ అంతే. మనుషుల కుడి చేతులు ఎడమ చేతులయ్యాయి. ఎందుకు అన్నదే మాకు ప్రశ్న. పుస్తకం చూడకూడదు, ఇంటర్నెట్ చూడకూడదు, సొంతంగా ఆలోచించి పెద్ద వ్యాసం రాయాలి. సీటు ఎవరికన్నది ఈ వ్యాసాన్ని బట్టే నిర్ణయిస్తారట. పారిస్ అబ్బాయి, ఎడమ కుడి అంటే పాపం పుణ్యం, దానికేదో అర్థం ఉంటుంది అంటున్నాడు. నేను మూడు రోజులుగా చూస్తున్నాను. బుర్రలో ఏమీ తట్టడం లేదు.

అర్పిత


ఆనేకల్
28 అక్టోబరు 2024

పాపా,

నీ ప్రశ్న చదివి నాకు నవ్వొచ్చింది. దీనికి మూడు రోజులు చూడక్కర్లేదు. పక్క మగ్గం వెంకటేశప్పకి చూపిస్తే అతను కూడా నవ్వాడు.

మేము చీర నేసేటప్పుడు చీర ముఖం నేల వైపు ఉంటుంది. మా కళ్ళ ముందుండేది వెనక భాగం. జరీ పోగులన్నీ అక్కడ గడ్డి పరిచినట్టు అడ్డదిడ్డంగా కనిపిస్తాయి. పువ్వు సరిగ్గా పడుతోందా లేదా చూడాలంటే చిన్న అద్దం కిందకి పెట్టి, వంగి చూసుకుంటాం. అందుకని కాగితం మీద చిలక ముక్కు కుడికి ఉంటే, కట్టుకున్నామె కొంగు మీద అది ఎడమకి తిరుగుతుంది. ఆ ఊరివాళ్ళు కూడా బట్టకి వెనక కూర్చునే నేసి ఉంటారు. నమూనాని పడుగు, అంటే నిలువు పోగుల కింద పరుచుకుని, కనబడింది కనబడినట్టు నేసుకుంటూ పోయారు. బట్ట కోసి ముందుకి తిప్పేసరికి పడవ పక్క మారింది. పాపమూ పుణ్యమూ ఏమీ లేదు.

నాకు ఇది ఎలా తెలిసిందో చెప్పనా? నీ వయసులో ఉండగా, కొంగు మీద పెళ్ళికూతురి పేరు నేయమని ఒకరు అడిగారు. మీ తాతకి చెప్పకుండా, పెద్ద పనిమంతురాలినని, కాగితం మీద ఉన్నది ఉన్నట్టు నేశాను. మూడు రోజులు పట్టింది. చీర కోసి తిప్పి చూస్తే పేరంతా తిరగబడి ఉంది. మీ తాత నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు. నేను రెండు పూటలు అన్నం తినలేదు. ఆ పెళ్ళికూతురు మాత్రం ఆ చీరే కట్టుకుంది, అద్దంలో చూసుకుంటే తన పేరు సరిగ్గానే కనిపిస్తుందంది.

ఒకటి ఆలోచించు. వీటిలో అసలు బొమ్మ ఏది అని మీ సార్ అడిగితే, బట్టే అని చెప్పు. ఎవరైనా చూడాలని గోడకి కట్టింది దాన్నే. గీసినవాడి పేరు నువ్వు రాయలేదు కానీ పెద్ద చిత్రకారుడని రాశావు. నేసినవాళ్ళు ఎవరో మీ పుస్తకాల్లో ఉందా?

అత్త


బెళ్ళందూరు
24 నవంబరు 2024

ప్రియమైన అత్తకి,

నువ్వూ మామా కులాసా అనుకుంటాను. ఇక్కడ అందరం బాగున్నాం. చలి మొదలైంది. అమ్మ నీకు ఫోను చేస్తానంది.

వ్యాసం ఇచ్చేశాను. బాగా వచ్చిందని స్టాన్లీ సార్ అన్నారు. క్లాసులో చదివి వినిపించారు. నమూనాని పొడుగు పట్టీలుగా కోసి మగ్గం కింద పెట్టుకునేవారని కూడా ఆయన చెప్పారు. రెండు సీట్లలో ఒకటి నాకే వచ్చేలా ఉంది. నాన్నకి సార్ మెయిలు పంపారు. నాన్న దాన్ని రెండుసార్లు చదివి, ఆఫీసులో కూడా ఎవరికో చూపించాడట.

పరీక్షలు దగ్గర పడ్డాయి. ఈసారి బొమ్మ పంపడం లేదు. ఆరోగ్యం జాగ్రత్త.

ఇట్లు,
అర్పిత


ఆనేకల్
15 డిసెంబరు 2024

పాపా,

నీ ఉత్తరం బ్యాంకు వాళ్ళ కాగితంలా ఉంది. ఒంట్లో బాగాలేదా? మీ నాయన ఏమన్నా అన్నాడా?

వ్యాసం అందరికీ చదివారని విని నాకు ఎంత సంతోషమయిందో చెప్పలేను. వెంకటేశప్పకి చెప్పాను, అచ్చు అతకడానికి వచ్చే ఆడవాళ్ళకి చెప్పాను. కొత్త పడుగుని పాతదానికి పోగు పోగుకీ మెలివేస్తూ వాళ్ళు రోజంతా కూర్చుంటారు, వాళ్ళకి ఇలాంటి కబుర్లు కావాలి. "మన మగ్గం సంగతి ఆ సార్ ఏమనిండాడు?" అని నన్ను అడుగుతున్నారు. నాకూ తెలుసుకోవాలని ఉంది. మా గురించి నువ్వు ఏం రాశావు, ఆయన ఏమన్నాడు? వీలైతే వ్యాసం ప్రింటు తీసి పంపు. ఇంగ్లీషులో ఉన్నా సరే, మా పేరు ఎక్కడుందో గీత గీసి పంపు, నేను చూసుకుంటాను.

అత్త


బెళ్ళందూరు
12 జనవరి 2025

అత్తా,

నాలుగుసార్లు రాసి చింపేశాను. ఇది ఐదోది. దీన్ని మళ్ళీ చదువుకోకుండా కవర్లో పెట్టేస్తాను.

వ్యాసంలో నీ పేరు లేదు. నువ్వు రాసిందంతా నేను ఆలోచించినట్టు రాశాను. చివర్లో ఒక గడి ఉంటుంది, ఈ పనిలో నీకు ఎవరు సాయం చేశారు అని. అందులో ఎవరూ లేరు అని రాశాను.

దానికంటే పెద్దది ఇంకోటి ఉంది. సార్ వ్యాసం చదివాక, మగ్గం దగ్గర ఎప్పుడూ కూర్చోని మనిషికి ఈ ఆలోచన రావడం కష్టం, మీ ఇంట్లో గానీ తెలిసినవాళ్ళలో గానీ ఎవరైనా నేస్తారా అని అందరి ముందూ అడిగారు. లేరు సార్ అన్నాను. ఎంత త్వరగా అన్నానంటే, ఆయన ప్రశ్న పూర్తి కూడా కాలేదు.

ఎందుకన్నానో చెబుతాను. ఇది సాకు అని నాకు తెలుసు. మొదటి రోజు అందరూ ఇంటి గురించి చెబుతుంటే, సమీనా వాళ్ళ గ్యాలరీ, ఇంకొకరి తాతగారి తోటలు, అన్నీ విన్నాక నా వంతు వచ్చింది. నాన్న బయటివాళ్ళతో ఏమంటాడో అదే అన్నాను. మాది సిల్క్ బిజినెస్ ఫ్యామిలీ అని. అందరూ బాగుంది బాగుంది అన్నారు. ఆ తర్వాత మా అత్త మగ్గం నేస్తుంది అని చెబితే ఆ మాట అబద్ధమైపోతుంది. పైగా నువ్వు చెప్పావని తెలిస్తే సీటు రాదేమో, సీటు రాకపోతే హిస్టరీ లేదు. ఇవన్నీ తర్వాత ఆలోచించుకున్నవి. ఆ క్షణంలో మాత్రం నాకు సిగ్గేసింది, అంతే. నీ గురించి సిగ్గుపడ్డాను. ఇప్పుడు నా గురించి సిగ్గుగా ఉంది. నీ డిసెంబరు ఉత్తరం నా పుస్తకాల కింద ఉంది, దాన్ని చూడాలంటే భయంగా ఉంది.

ఫిబ్రవరి 15న చివరి క్లాసు. ఆ రోజు సీట్లు ఎవరికో చెబుతారు. నన్ను క్షమించు అత్తా. నువ్వు ఏం చేయమంటే అది చేస్తాను.

అర్పిత


ఆనేకల్
30 జనవరి 2025

అర్పితా,

నీ ఉత్తరం చదివి, అన్నం తిని, మగ్గం ఎక్కాను. గంటలో మూడు చోట్ల పోగులు తెంపాను. ముప్పై ఆరేళ్ళ పనిలో నాకు అలా ఎప్పుడూ కాలేదు. దిగి వచ్చేశాను. నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. మీ మామ అడిగితే పట్టు బాగాలేదని చెప్పాను. అప్పటి నుంచి రెండు వారాలు నీకు రాయబుద్ధి కాలేదు.

నేను చెప్పింది నువ్వు నీదని చెప్పుకున్నందుకు నాకు పెద్ద బాధ లేదు. మగ్గం ఎక్కిన ప్రతివాళ్ళకీ తెలిసిన సంగతి అది, నా ఒక్కదాని సొత్తు కాదు. కానీ నువ్వు మనిషినే లేదన్నావు. ఇక్కడ నేను పదిమందికీ నీ వ్యాసం గురించి చెప్పుకుంటూ తిరుగుతుంటే, అక్కడ నేను లేనే లేను.

మీ నాయన మీద నీకు చాడీ చెప్పడం నాకిష్టం లేదు. అయినా ఇది నీకు తెలియాలి. మీ ఫ్లాటు గృహప్రవేశానికి మీ అమ్మ కోసం నేను నేసిన చీర తెచ్చాను. మీ అమ్మ అదే కట్టుకుని తిరిగింది. ఆఫీసు వాళ్ళెవరో చూసి ఎక్కడ కొన్నారని అడిగితే, తెలిసినవాళ్ళు నేసి ఇచ్చారు అన్నాడు మీ నాయన. నేను వాడి పక్కనే కాఫీ గ్లాసులు పట్టుకుని నిలబడి ఉన్నాను. వాడిని చంకనేసుకుని పెంచినదాన్ని. ఆ రోజు ఊరుకున్నాను. కొత్త ఇంట్లో అడుగుపెట్టిన రోజు, తమ్ముడి ముఖం చిన్నబుచ్చడం ఎందుకని. నేను ఊరుకోబట్టే ఆ మాట ఇప్పుడు నీ నోటి దాకా వచ్చింది. అందుకే ఈసారి ఊరుకోను.

నాకు క్షమాపణ రాశావు. చదివాను. నువ్వు నన్ను లేదన్నది నా ముందు కాదు కదా. ఎవరి ముందు లేదన్నావో వాళ్ళ ముందే ఉన్నానని చెప్పు. నా పేరు చెప్పు, నేను చేసే పని చెప్పు. సీటు పోవచ్చు. పోకుండా నేనేమీ చేయలేను, ఆ సీటు నీకు ఎంత ముఖ్యమో తెలిసే అడుగుతున్నాను. నువ్వు చెప్పకపోతే నేను మీ సార్‌కి రాయను, మీ నాయనకీ చెప్పను. పండక్కి వస్తే అన్నం పెడతాను. ఉత్తరాలు మాత్రం ఇక రాయను.

మునివెంకటమ్మ


బెళ్ళందూరు
23 ఫిబ్రవరి 2025

అత్తా,

చెప్పాను.

పదిహేనో తారీఖు క్లాసు మొదలవగానే, సార్ ఫలితాలు చెప్పే ముందే, నాకు రెండు నిమిషాలు కావాలని అడిగాను. ఏడాదంతా కెమెరా ఆపుకుని కూర్చున్నదాన్ని, ఆ రోజు ఆన్ చేశాను. ముందే రాసిపెట్టుకున్న కాగితాన్ని పక్కన పెట్టేశాను. నోటికొచ్చినట్టే చెప్పాను. పడవ సంగతి నేను కనిపెట్టలేదు. ఆకుపచ్చ గౌను సంగతీ నాది కాదు. మా మేనత్త మునివెంకటమ్మ నాకు రాసింది. ఆమె మా నాన్నకి సొంత అక్క, ఆనేకల్‌లో పట్టుచీరలు నేస్తుంది. మా నాన్నా తాతా పుట్టింది మగ్గాల ఇంట్లోనే. మాకు సిల్క్ బిజినెస్ ఏమీ లేదు. మీరు అడిగినప్పుడు నేను సిగ్గుపడి అబద్ధం చెప్పాను. ఇదంతా ఇంగ్లీషులో చెప్పాను, నీ పేరు మాత్రం రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది, వాళ్ళకి పలకడం రాలేదు.

చెప్పినందుకు థాంక్స్ అన్నారు సార్. తర్వాత, సాయం తీసుకోవడం తప్పు కాదు, గడిలో ఆమె పేరు రాసి ఉంటే ఈ వ్యాసానికే సీటు ఇచ్చేవాణ్ణి, ఇప్పుడు ఇవ్వలేను అన్నారు. ఆ మాట నాకు చాలా కష్టంగా అనిపించింది. సీట్లు సమీనాకీ ఆ పారిస్ అబ్బాయికీ వచ్చాయి. లాప్‌టాప్ మూసేసి చాలాసేపు ఏడ్చాను. నీ మీద కూడా కోపం వచ్చింది, నిజం చెబుతున్నాను. సాయంత్రానికి పోయింది.

నేను మాట్లాడుతున్నప్పుడు నాన్న హాల్లో చొక్కాలు ఇస్త్రీ చేస్తున్నాడు. తలుపు తీసే ఉంది. అంతా విన్నాడు. ఇస్త్రీ పెట్టె ఆపేసి అక్కడే నిలబడిపోయాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. బుధవారం పీయూసీ అప్లికేషను తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. పేరూ అడ్రసూ అన్నీ తనే నింపాడు. ఏ గ్రూపు అన్నచోట ఖాళీగా వదిలేశాడు. నేను హిస్టరీ అని రాసి తీసుకెళ్ళి ఇచ్చాను. దాన్ని చాలాసేపు చూసి సంతకం పెట్టాడు. "మీ అత్తకి నామింద కోపం ఉండాదా?" అని అడిగాడు. బెళ్ళందూరు వచ్చాక ఆయన ఆ యాసలో మాట్లాడగా నేను వినలేదు. నన్ను కాదు, అత్తనే అడుగు నాన్నా అన్నాను.

స్టాన్లీ సార్ నీ అడ్రసు అడిగారు. వచ్చి మగ్గం చూడాలని ఉందట. నిన్ను అడగకుండానే ఇచ్చేశాను. వద్దంటే ఫోను చేసి చెప్పు.

నువ్వు మళ్ళీ రాస్తావా?

అర్పిత


ఆనేకల్
9 మార్చి 2025

పాపా అర్పితా,

రాస్తున్నాను కదా.

సీటు పోయినందుకు నాకు బాధగానే ఉంది. పోతే పోయిందిలే అని నేననను. నువ్వు ఏడాదంతా కష్టపడ్డావు, నేనడిగిన మాట వల్ల పోయింది. మళ్ళీ అయినా నేను అదే అడుగుతాను. నీకు కోపం వచ్చిందని రాశావు చూడు, అది మంచి పని చేశావు.

మీ నాయన ఫోను చేశాడు. మొదట ఎండల గురించి మాట్లాడాడు, తర్వాత మీ మామ మోకాళ్ళ గురించి. తర్వాత ఫోను పెట్టేశాడేమోనని నేను హలో హలో అన్నాను. "అక్కా, ఆ పొద్దు నేను తప్పు చేస్తిని" అన్నాడు. ఏ పొద్దు అని నేనడగలేదు, తనూ చెప్పలేదు. వాడు ఏడుస్తున్నాడేమో అనిపించింది. భోంచేసి పడుకో పో అని చెప్పాను. వాడి మీద నాకున్న కోపం పూర్తిగా పోలేదు, కానీ తగ్గింది.

మీ స్టాన్లీ సార్ నిన్న వచ్చాడు. నేను ముసలాయన అనుకున్నాను, మీ నాయన కంటే చిన్నవాడే. నేను కాళ్ళు దింపుకునే మగ్గం గుంట పక్కన నేల మీదే కూర్చున్నాడు. రెండు గంటలు కదల్లేదు. నేను నేస్తుంటే అద్దం పట్టుకుని కింద నుంచి చూశాడు, ప్యాంటంతా దుమ్ము చేసుకున్నాడు. ఏది అడిగినా పుస్తకంలో రాసుకున్నాడు. వెంకటేశప్ప ఆయన్ని లేపి తన మగ్గం దగ్గరికి కూడా తీసుకెళ్ళాడు. వచ్చే ఏడాది పిల్లల్ని తీసుకొస్తానన్నాడు మీ సార్. ఏ పిల్లల్నో నేను అడగలేదు, నీకు రావాలనుంటే నువ్వు ఎప్పుడైనా రావచ్చు, దానికి సీటు అక్కర్లేదు.

మొట్టమొదట జరిగింది చెప్పలేదు కదా, ఆయన వాకిట్లోకి వచ్చి చెప్పులు విప్పుతున్నాడు. ఇంకా నోరు తెరవలేదు, ఏమీ అడగలేదు. అప్పుడే నేను గట్టిగా, అచ్చు అతికే ఆడవాళ్ళందరికీ వినపడేలా, "అర్పిత నా తమ్ముని కూతురు సార్" అని చెప్పాను.

అత్త